పన్నెండో సిరంజి

మాదాపూర్ దాటి ఖాజాగూడ పోయే తోవలో, బండల నడుమ ఒక పాత రేకుల గది ఉండేది. రాత్రి రెండు గంటలకు ఆ గదిలో పొయ్యి వెలిగించకుండానే నీళ్ళు మరుగుతాయని చుట్టుపక్కల అందరికీ తెలుసు. తాగిన మైకంలో ఉన్న లారీ డ్రైవర్లు కూడా అటుగా పోక, చుట్టు తిరిగి పోయేవాళ్ళు.

ఒకప్పుడు అది కంకర క్వారీ వాళ్ళ దవాఖాన. క్వారీ మూతపడింది, గది మిగిలింది. హైటెక్ సిటీ లేస్తున్న రోజుల్లో బిల్డింగ్ కాంట్రాక్టర్ ఒకాయన దానికి సున్నం కొట్టించి, తలుపు మీద ఎర్ర ప్లస్ గుర్తు వేయించి, ఫస్టెయిడ్ రూమ్ అన్నాడు. రాత్రిళ్ళు కూడా స్లాబులు పోస్తున్నారు. దెబ్బ తగిలితే చూడ్డానికి ఒక నర్సు కావాలి.

నెలలో ముగ్గురు వచ్చారు. మొదటామె చెప్పులు వదిలేసి పోయింది. రెండో ఆమె జీతం వదిలేసి పోయింది. మూడో ఆమె ఏం చూసిందో గానీ, ఇప్పటికీ ఆ వైపు బస్సెక్కదట.

నాలుగో మనిషి ప్రవళిక.

సిద్దిపేట పిల్ల. నర్సింగ్ మంచి మార్కులతోనే పాసయింది. నగరంలో పేరున్న పెద్దాసుపత్రి ఏటా కొత్తవాళ్ళను ఒక బ్యాచ్‌గా తీసుకుని పని నేర్పేది. ఆ ఏడు లిస్టులో నలభై పేర్లున్నాయి, ఈమెది లేదు. చిన్న నర్సింగ్ హోములకు పోతే అందరిదీ ఒకటే ప్రశ్న... అనుభవం ఉందా? ఉద్యోగమిస్తేనే కదా అనుభవం వచ్చేది అంటే, అనుభవముంటేనే కదా ఉద్యోగమిచ్చేది అన్నారు. చివరికి పెద్దాసుపత్రి గుమస్తానే జాలిపడి చెప్పాడు. సీనియర్ నర్సు చేతికింద ఆర్నెల్లు చేసినట్టు సంతకంతో కాగితం తెస్తే, బ్యాచ్‌తో పని లేకుండా తీసుకుంటారట.

రేకుల గదిలో ఉద్యోగమైతే దొరికింది. సీనియర్ నర్సే లేదు.

"ఎన్నొద్దులుంటవ్ బిడ్డా?" మొదటిరోజు వాచ్‌మన్ కిష్టయ్య అడిగాడు.

"ఆర్నెల్లు."

"పెద్ద లెక్కనే పెట్టుకున్నవ్. నీకు ముంగటామె తాళంచెయ్యి నా చేతికి గూడ ఇయ్యలే. గోడమీదికెల్లి ఇసిరేసి ఉరికింది."

"లోపల ఏమున్నది తాతా?"

కిష్టయ్య బీడీ ఆర్పాడు. "సుందరి సిస్టర్ ఉంటది. బాలాత్రిపురసుందరి. ఆంధ్రా ఆమె. క్వారీ దవాఖానల చేసేది. ఒకనాడు వానలకు తొవ్వ తెగింది. పొద్దుగాల ఆమె జాగల డ్యూటీ ఎక్కాల్సిన పిల్ల రాలే. రెండు రోజులు జూసింది. జెరమొచ్చినా కుర్చీలకెల్లి లేవలే. మూడోనాడు..." ఆగాడు. "ఇరవై ఆరేండ్లాయె. ఇంకా జూస్తనే ఉన్నదంటరు."

ఆ రాత్రి రెండు కావస్తుండగా బయట కాంక్రీటు మిక్సర్ ఆగింది.

ముందు స్పిరిట్ వాసన వచ్చింది. సీసా మూత బిగించే ఉంది.

తర్వాత స్టవ్ మీది స్టెరిలైజర్‌లో, క్వారీ నాటి సిరంజిలు మరగబెట్టే డబ్బాలో, చప్పుడు. టక్... టక్... గాజు గాజుకు తగిలే చప్పుడు. ప్రవళిక స్టవ్ ముట్టుకుని చూసింది. చల్లగా ఉంది. మూత మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

ఆపైన అడుగులు. కాన్వాస్ బూట్లు సిమెంటు నేల మీద కీచుమంటూ వచ్చాయి... వచ్చాయి... ఆమె వెనకాలే ఆగాయి.

"నువ్వేనా రిలీవరువి?" చెవి పక్కన గుసగుస. "ఎంత ఆలస్యం చేశావమ్మా."

ప్రవళిక కాళ్ళు తలుపు వైపు తిరిగాయి. అప్పుడే గుమస్తా మాట గుర్తొచ్చింది. సీనియర్ నర్సు... సంతకం...

వెనక్కి తిరిగింది. తెల్లచీర, నెత్తిన టోపీ. మొహం కట్టుగుడ్డ రంగులో ఉంది. బూట్ల లేసులు పొందిగ్గా కట్టి ఉన్నాయి. బూట్లకూ నేలకూ మధ్య మాత్రం జానెడు ఖాళీ ఉంది.

"హ్యాండోవర్ తీసుకో. సంతకం పెడితే నేను పోతాను."

నర్సుల డ్యూటీ సంగతి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. దిగేమనిషి సామానంతా అప్పజెప్పాలి, ఎక్కేమనిషి లెక్క చూసి సంతకం పెట్టాలి. అది కానిదే దిగేమనిషి గడప దాటకూడదు. చచ్చినా సరే.

"గాజు సిరంజిలు పన్నెండు," అంది సుందరి సిస్టర్.

ముందొచ్చిన ముగ్గురూ ఈ మాట దగ్గరే పారిపోయారు. ప్రవళిక మాత్రం కాలేజీలో తిట్టి తిట్టి నేర్పిన పని చేసింది. మూత తీసి లెక్కపెట్టింది.

"పదకొండే ఉన్నయి సిస్టర్."

"పన్నెండు."

"పదకొండు. లెక్క కుదరంది నేను సంతకం పెట్ట."

 సుందరి సిస్టర్ కుర్చీలో కూలబడింది. "ఇన్నేళ్ళకి లెక్కపెట్టేది ఒకత్తి వచ్చింది," అని నిట్టూర్చింది. ఆ చలిగాలికి బల్లమీది బ్యాండేజీ చుట్ట దొర్లి కిందపడింది.

సంతకం పెడితే ఈమె వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే కాగితం మీద సంతకం ఎవరు పెడతారు? ప్రవళిక ఆలోచించుకుంది. ఆ రాత్రి సిరంజి అంది. మర్నాడు దూది తక్కువంది. ఆ మర్నాడు కత్తెరకు తుప్పుంది. "రేపు చూద్దాం సిస్టర్" అని ఆర్నెల్లు నెట్టుకొచ్చింది.

సుందరి సిస్టర్ ఖాళీగా కూర్చునే రకం కాదు. "అది కట్టా, పకోడీల పొట్లమా? విప్పు, మళ్ళీ కట్టు." ఒకరాత్రి రాజేందర్ అనే మేస్త్రీ కాల్లో ఇనపచువ్వ దిగి వచ్చాడు. ప్రవళిక చెయ్యి చువ్వ మీద పడబోయింది. "పీకకు," అంది చెవిలో గొంతు. "కదలకుండా కట్టి, పెద్దాసుపత్రికి పంపు." అలాగే చేసింది. కాలు దక్కింది.

"సిస్టర్, మీ ఎన్క మాట్లాడేది ఎవరు?" రాజేందర్ అడిగాడు.

"మా సీనియర్. ఇంజెక్షన్ గూడ ఆమెనే ఇస్తనంటున్నది, పిలవన్నా?"

రాజేందర్ ఆటో జల్దీ పిలవమన్నాడు.

ఆర్నెల్లు నిండిన రాత్రి ప్రవళిక కాగితం తీసి బల్లమీద పెట్టింది.

సుందరి సిస్టర్ చదివింది. "ఇన్నాళ్ళూ నన్ను ఆపింది ఇందుకా? మొదటిరోజే అడగొచ్చుగా."

"అడిగితే సంతకం పెట్టి పోయేటోళ్ళు. పనెవరు నేర్పేటోళ్ళు?"

సుందరి సిస్టర్ నవ్విందో, దగ్గిందో. రిజిస్ట్రేషన్ నంబరుతో సహా సంతకం పెట్టింది. ప్రవళిక కూడా మాట తప్పలేదు. "గాజు సిరంజి ఒకటి తక్కువ" అని పుస్తకంలో రాసి, కింద తన సంతకం పెట్టింది.

"ఇక గడప దాటొచ్చు," అంది సుందరి సిస్టర్, టోపీ సర్దుకుంటూ.

"యాడికి సిస్టర్, ఇంటికా?"

"ఇల్లెక్కడిది. ఆ పన్నెండోది తేవద్దూ?"

పెద్దాసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్ అమ్మణ్ణి గారంటే డాక్టర్లకే హడల్. యాభై దాటిన మనిషి. ప్రవళిక ఇచ్చిన కాగితం పైనుంచి కిందికి చదివి, సంతకం దగ్గర ఆగిపోయింది.

"ఈ సంతకం ఎప్పుడు పెట్టింది?"

"మొన్న శుక్రవారం మేడం."

ఆవిడ కాగితం పక్కన పెట్టింది. సొరుగు లాగి, అట్టడుగు నుంచి పాత గాజుగుడ్డ పొట్లం తీసింది. విప్పితే గాజు సిరంజి. మొన విరిగి ఉంది.

"నేను ఆ క్వారీ ఆసుపత్రిలో చేరి అప్పటికి పదిరోజులు. ఇంటికి తీసుకెళ్ళి ప్రాక్టీసు చేస్తుంటే విరిగింది. ఆవిడకి లెక్క చెప్పాలంటే ప్రాణాలు పోయాయి. వాన వంక పెట్టి డ్యూటీకి వెళ్ళలేదు." గొంతు తగ్గించింది. "ఆవిడ... ఇంకా అక్కడే ఉందా?"

"లేదు మేడం. నేను రిలీవ్ చేసిన."

అమ్మణ్ణి గారు ఇరవై ఆరేళ్ళ ఊపిరి ఒక్కసారి వదిలింది. ఉద్యోగం కాగితం మీద సంతకం చేసి, ముద్ర కొట్టి చేతికిచ్చింది. "రేపట్నుంచి వచ్చెయ్యమ్మా."

ప్రవళిక కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి స్పిరిట్ వాసన. ఆసుపత్రి కదా, ఉంటుంది అనుకుంది.

వరండాలో కాన్వాస్ బూట్లు కీచుమన్నాయి... దగ్గరికొచ్చాయి... గుమ్మం తెర అవతల ఆగాయి.

సీనియర్ వస్తే జూనియర్ పక్కకు తప్పుకోవాలి. ప్రవళిక తెర ఎత్తి పట్టుకుంది.

"రండి సిస్టర్. మేడం లోపలే ఉన్నరు. పన్నెండోది బల్లమీదనే ఉన్నది... కాకపోతే, మొన విరిగింది."