బాయి బూట్లు

"సరోజనా! అటక మీది కొత్త బూట్లు దించు. నాతోటి బాయిల దిగే సారయ్యకిద్దాం. నాకింకెందుకే..."

ఆ మాట చెవిన పడగానే సరోజన గుండె గుభేలుమంది. ఇరవై రోజులు దవాఖానలో ఉండి ఆ ఉదయమే ఇంటికొచ్చాడు భర్త గట్టయ్య. కుడికాలు మోకాలి కింద లేదు! బొగ్గుబాయిలో పట్టాల మీది బొగ్గు టబ్బు మీదికొస్తుంటే పక్కకు దూకబోయి, అరిగిన బూటు జారి పడ్డాడు.

బెల్లంపల్లి క్వార్టర్లలో, కంపెనీ ఏటా ఇచ్చే కొత్త జతను వెంటనే తొడిగే మగవాడు లేడు. పాతవి చిరిగేదాకా లాగించి, కొత్తవి అటకెక్కిస్తారు. కూతురు బాలమణి ఏమో ఈత, సైకిలు, పరుగు మూడూ కలిపిన పోటీకి ఎంపికైంది! ఈతకు చెరువుంది, సైకిలు తండ్రిది. పరుగుకే దిక్కులేదు, కాన్వాసు బూట్లలోంచి వేళ్లు బయటికొచ్చాయి. పిల్ల మడమల పుండ్లు చూడలేక, తల్లి అటక మీది జతను బజారులో ఇచ్చి పరుగు బూట్లు మార్చుకొచ్చింది. మగనికి చెప్పలేదు. ఆయన పాతవి చిరిగేలోగా కంపెనీ మరో జత ఇవ్వదా అనుకుంది, పిచ్చితల్లి!

"బూట్లు లేవయ్యా!" మంచంకోడు పట్టుకొని కూలబడింది. "పిల్ల కోసం నేనే ఇచ్చేసిన... నీ కాలు నేనే తీసిన! నన్ను సంపు!"

గట్టయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నాకెరికేనే. పాతయి మరీ జారుతున్నయని కాలు పోయిన నాడు పొద్దుగాల అటక సూసిన. ఖాళీ డబ్బా ఉన్నది. అడిగితే పిల్ల బూట్లిడుస్తదని గమ్మునున్న."

"మరి గిప్పుడెందుకడిగినవ్?"

"లోపల్లోపల కుములుతున్నవ్. జర బాధ బయటపడుతదని..."

తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది! ఆ దయను ఎక్కడ దాచుకోవాలో తెలియక సరోజన గోడకు తల కొట్టుకుంది.

గుమ్మంలో బాలమణి నిలబడి ఉంది. అంతా విన్నదని ముఖమే చెబుతోంది.

"ఏడ్వకు బిడ్డా!" అన్నాడు గట్టయ్య. "పోటీ ఎన్నడు? దవాఖానల దినాలే ఎరుకైతలేవు నాకు. నన్ను గూడ తోలుకపో, సూస్త."

బాలమణి మంచం దగ్గరికొచ్చింది.

"అయిపోయింది బాపు... నీ కాలు తీసిన ఐతారం నాడే. నేను పోలే."

కాలు పోయిందని చెప్పిన రోజు కంట తడిపెట్టని మనిషి, ముఖం మీదికి దుప్పటి లాక్కొని వెక్కివెక్కి ఏడ్చాడు.