వంగిన లార్చ్ చెట్టు

ఉత్తర ధ్రువానికి దగ్గరగా పారే హేతా నది మీద వేసవిలో పొద్దు గుంకదు. అందుకే టైమెంతయిందో చూసుకోకుండా, మూడేళ్ల కూతురు స్తేషాను జింకతోలులో చుట్టి పడవలో పడుకోబెట్టి, మోటారు వేసి బయల్దేరింది అక్సీన్యా. పిల్లకు మూడు రోజులుగా జ్వరం, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడం లేదు. నర్సు ఉండే ఊరు దిగువన ఆరు గంటల దారి. మొగుడేమో జింకల మంద వెంట ఎక్కడో కొండల్లో ఉన్నాడు. ఇంకెవరి కోసం ఆగుతుంది?

సగం దారిలో ఇసుకమేట మీంచి ఒక ముసలాయన చెయ్యి ఊపాడు. ఆ నది మీద మనిషిని ఒడ్డున వదిలేసి పోయేవాళ్లు ఉండరు. ఎక్కించుకుంది. ఆయన ఎక్కినా పడవ కాస్తయినా కుంగలేదు. బక్కప్రాణం, బరువేముంటుందిలే అనుకుంది.

"ఎవరి పిల్లవే?"

"ప్రోకోపీ కూతుర్ని, తాతా."

"ఓహో, వాడా! చేప పడకపోతే నదిని బూతులు తిట్టేవాడు," అని నవ్వాడు.

నాన్న ఈ నదిలో మునిగిపోయి ఇరవయ్యేళ్లు. శవం కూడా దొరకలేదు. ఆ మాటకు నవ్వేమిటి?

నది రెండు పాయలయ్యే చోటుకొచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. మోటారు ఆపి తెడ్డందుకుంది. తడి బురద వాసన... నీళ్ల గలగల, స్తేషా మూలుగు తప్ప చప్పుడు లేదు. పాయలోకి దిగేముందు నదికి రొట్టె వెయ్యాలి. ముక్క తుంచి ముందు కూర్చున్న ముసలాయనకిచ్చింది.

"నీళ్లలో వెయ్యి తాతా."

ఆయన నోట్లో వేసుకున్నాడు.

"అయ్యయ్యో! నదికిచ్చింది నువ్వు తింటావా?"

"చేరాల్సిన చోటికే చేరిందిలే." గొంతు తగ్గించాడు. "ఎడమకి తిప్పు. వంగిన లార్చ్ చెట్టు దాటేసరికి పిల్ల జ్వరం దిగిపోతుంది."

నాన్న దారి గుర్తుకని ఎర్ర గుడ్డపీలిక కట్టిన ఆ చెట్టు ఇంకెక్కడిది? నాన్న పోయిన ఏడాదే నదిలో కొట్టుకొచ్చిన మంచుగడ్డలు దాన్ని ఒడ్డుతో సహా కోసుకుపోయాయి. ఎడమ పాయ అప్పుడే పూడిపోయింది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఈ ముసలాడి మీద అనుమానపడకుండా ఎలా ఉంటుంది?

"నీదేవూరు తాతా?"

ఆయన నీళ్లలోకి చూసి నవ్వాడు.

"నా దారి నాకు తెలుసు," అంటూ కుడికి తిప్పింది.

"నీ ఇష్టం తల్లీ. ఏ పాయైనా నదే కదా."

తలెత్తి చూసింది. ముందు బల్ల ఖాళీ! నీళ్లలో దూకిన చప్పుడు లేదు. పడవ ఊగనైనా లేదు.

"పీడ విరగడైంది," అని పైకే అంది.

కుడి ఒడ్డును తెడ్డుతో తడుముకుంటూ, దాన్ని వదలకుండా సాగింది. ఇక దారి తప్పే ప్రసక్తే లేదు. కాసేపటికి మంచు పలచబడింది.

ఎదురుగా... నీళ్ల మీదికి వంగి... లార్చ్ చెట్టు.

కొమ్మకు నాన్న కట్టిన ఎర్ర గుడ్డపీలిక. ఇందాకే కట్టినట్టు కొత్తగా ఉంది.

స్తేషా మూలుగు ఆగిపోయింది. అక్సీన్యా పిల్ల నుదురు ముట్టుకుంది.

జ్వరం లేదు. నుదురు చల్లగా ఉంది... నది నీళ్లంత చల్లగా.

మూడు రోజులుగా నోట్లో ఏమీ పెట్టని పిల్ల, కళ్లు మూసుకునే, ఏదో నెమ్మదిగా నములుతోంది. పెదవుల మీద రొట్టె పొడి.