చిట్టెమ్మ పిన్ని చావు రద్దు

పొందిక రోజూ పొద్దున్నే చచ్చినవాళ్ల హాజరు వేస్తుంది. హైమవతి నవల తెర మీదికి రాగానే ముద్రగది గోడలోంచి ఆ తనిఖీ యంత్రం గొంతు వినిపించింది.

"మూడో అధ్యాయంలో మరణించిన చిట్టెమ్మ పిన్ని ఇరవయ్యో అధ్యాయంలో పెసరట్టు వేస్తోంది. తొలగించాలా?"

హైమవతి నెత్తి కొట్టుకుంది. రాసేవాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యని తప్పు! నిరుడు సవరణలో ఆ మనిషిని చంపేసింది. తర్వాతి అధ్యాయాల్లో ఆ సంగతి చెప్పడం మరిచిపోయింది.

అసలు చంపమన్నదీ పొందికే. 'ఈ పాత్రవల్ల కథ కదలడం లేదు' అంది. చంపాక మెచ్చుకుని, ఆ అధ్యాయానికి తాళం వేసేసింది. అప్పట్నించీ తలకి కప్పితే కాళ్లకి చాలని దుప్పటిలా తయారైంది నవల. ఇవాళ సాయంత్రంలోగా అచ్చుకి అనుమతి ముద్ర పడకపోతే మిగతాది పొందికే పూర్తి చేసేస్తుంది. పక్కగది కాంతారావుగారి నవల అలాగే పూర్తయింది. ఆయన దాన్ని ఇంతవరకూ చదవలేదు, పాపం.

ముద్రాధికారి పేర్రాజు కుర్చీలో ముందుకి జరిగాడు. "తీయించేయండమ్మా, పీడా పోద్ది. ముద్ర కొట్టేసి భోజనాలకి పోదామండి, ఆయ్."

"తీసెయ్," అంది హైమవతి.

పిన్ని పోయింది. పెసరట్టు పోయింది. కథానాయిక వకుళ ఒక్కతే వంటింట్లో మిగిలింది. ఖాళీ అయిన చోట పొందిక తనే ఓ వాక్యం నింపింది: 'వకుళ మౌనంగా నిలబడింది.' ఆ తర్వాత పేజీలన్నీ అంతే, పిల్ల మౌనంగా నిలబడుతూనే ఉంది.

హైమవతికి ఏడుపొచ్చింది. "ఏవండీ పేర్రాజుగారూ, మొగుడితో తగువు పడొచ్చిన పిల్ల. దీన్ని కూర్చోబెట్టి నాలుగు తిట్టి, ఇంత తిండి పెట్టే మనిషి లేకపోతే ఎలాగండీ?"

"కథ సాఫీగానే ఉంది కదండీ?"

"సాఫీగానే ఉంది. రాసినదాన్ని, నాకే చదవబుద్ధి కావట్లేదు."

ఆవిడ కళ్లు తుడుచుకుని గోడవైపు తిరిగింది. "ఇరవయ్యో అధ్యాయం ఉన్నదున్నట్టు తిరిగి పెట్టు. మూడో అధ్యాయంలో చావు తీసెయ్."

"ముందు అధ్యాయం చెప్పింది తర్వాతి అధ్యాయం వినాలి. తిరగదోడే ఆదేశం లేదు."

"తాళం మీ దగ్గరుంది కదండీ?" అంది పేర్రాజుతో.

"అమ్మబాబోయ్! పాసైన అధ్యాయం నా సర్వీసులో ఎప్పుడూ తెరవలేదండి." పెసరట్టు పోయిన పేజీ కేసి చూశాడు. "ఇంతకీ ఆవిడ అట్టులో అల్లం వేస్తదాండీ?"

"అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయలు. నోటినిండా తిట్లు కూడా."

"మా అప్ప కూడా అంతేనండి," అంటూ పేర్రాజు తాళం తిప్పేశాడు.

హైమవతి మూడో అధ్యాయం తెరిచి చకచకా రాసింది: 'డాక్టరు పెదవి విరిచి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి పిన్ని లేచి కూర్చుని, కాఫీ ఏదే అంది.'

పొందిక ఊరుకుంటుందా? "నాలుగో అధ్యాయంలో చిట్టెమ్మ పిన్ని పెద్దదినం భోజనాలు ఉన్నాయి. గారెలు వడ్డించారు."

పేర్రాజు గతుక్కుమన్నాడు. హైమవతి మాత్రం ఫక్కున నవ్వింది. "గారెలు అలాగే ఉంచు. పిన్ని కోలుకున్నందుకు పెట్టాం. ఏడ్చినవాళ్లందర్నీ పంక్తిలో కూర్చోబెట్టు. వడ్డన పిన్నిదే."

పొందిక మొదటి అధ్యాయం నించి మళ్లీ హాజరు వేసింది. చివరికి, "హాజరులో తేడా లేదు," అంది. ముద్ర దీపం పచ్చగా వెలిగింది.

"హమ్మయ్య!" అన్నారిద్దరూ ఒకేసారి. ఇన్నాళ్లూ గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయినట్టయింది హైమవతికి. ఒక్కసారిగా ఆకలేసింది.

లేచి తలుపు దాకా వచ్చారో లేదో, వసారా పొడుగునా గోడలన్నీ ఒకే గొంతుతో మాట్లాడాయి. ఇలాంటి ప్రశ్న పొందిక ఎన్నడూ అడిగింది కాదు.

"చచ్చినవాళ్లలో ఎవరైనా తిరిగి కావాలా?"

పక్కగదిలో కుర్చీ దబ్బున పడింది. కాంతారావుగారు చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చారు.

"నా నవల్లో చంపేసిన మా వీరాసామి కావాలి! ఏవయ్యా పేర్రాజూ, తాళం ఏదీ?"

భోజనం సంగతి మరిచిపోయి పేర్రాజు మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "రండి బాబూ, ఎన్నో అధ్యాయం?"