తిరిగిచ్చిన వంతు

హైమావతికి పదకొండేళ్లుగా ఒక సందేహం ఉంది. జనం చెబుతున్నది వాళ్ల మాటా, చిన్నప్పుడు వాళ్ల చెవిలో పడిన పాఠమా? జనం మాటలు వడగట్టే జల్లెడ యంత్రం ముందు కూర్చున్న మొదటిరోజే పుట్టిన సందేహమది. ఎవరినైనా అడుగుదామంటే ఆ అంతస్తులో ఆమె తప్ప మరో మనిషి లేదు. పొద్దున దణ్ణం పెట్టుకునేటప్పుడు మాత్రం దేవుణ్ణి మెల్లగా అడుగుతుంది. ఆయన వింటాడు.

ఆ రోజు ప్రజావిచారణకు ఆఖరిరోజు. ఏటిమధ్య లంకలో మిగిలిన ఒకే ఒక్క కూటబడిని మూసి, అక్కడి పదమూడు మంది పిల్లలకూ ఎవరి చెవిలో వాళ్లకే పాఠం చెప్పే చెవిబడి అమర్చాలా వద్దా అని నాలుగు గంటలకు విద్యాసభ ఓటు వేస్తుంది. మూస్తే, పిల్లలు ఒకచోట కూర్చుని చదువుకునే బడి జిల్లాలో ఇక ఉండదు. జనం పంపిన పలుకులు జల్లెడలో పడుతున్నాయి. ఒకదాన్నొకటి పోలినవి కలిసి సారమవుతాయి. సభ్యులకు చేరేది సారమే. దేన్నీ పోలనివి తాలు. తాలును ఒకసారి విని తుడిచెయ్యడం హైమావతి పని.

మధ్యాహ్నానికి నలభై రెండు వేల పలుకులు ఒకే వాక్యంలో కలిసిపోయాయి: 'పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవాలి.' చెవిబడి మూడో పాఠం ఆ వాక్యంతోనే మొదలవుతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ అంతమందిలో ఒక్కరికైనా ఇంకో మాట తట్టలేదా?

"ఏమండీ హైమావతి గారూ, గంటనుంచి తాలు తుడవలేదు. పూజలోంచి లేవలేదా?" గోడలోంచి పర్యవేక్షకుడు కోదండపాణి గొంతు. ఆయన మొహం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఎప్పుడో లేచానండీ. ప్రసాదం పెడదామంటే మీ గోడకు నోరే గానీ చెయ్యి లేదు."

"పులిహోరేనా?"

"దద్ధ్యోజనం."

"అయితే పర్లేదు లెండి."

ఆమె నవ్వుకుని తరువాతి తాలు తెరిచింది.

"నా పేరు మస్తాన్ బీ అండీ. లంక బళ్లో ఆయాని. చెవిబడి పాఠాలు మంచివేనంట, నేను కాదనను. కానీ పక్కపిల్ల గిన్నెలో కూర లేదని చూసేది కళ్లు గదా! మా బళ్లో ఇంటికెళ్లే గంట పిల్లలే కొడతారు, రోజుకొకరి వంతు. దానికోసం కొట్టుకుంటారు, ఏడుస్తారు, మళ్లా వాళ్లే ఒకరికొకరు ఇచ్చుకుంటారు. నేనూ ఇక్కడే చదివా. హైమా అని ఒకత్తి ఏడుస్తుంటే నా వంతు ఇచ్చేశా. దాని వంతు నాకిస్తానంది. ఎక్కడుందో, దొంగమొహంది!" అని గలగలా నవ్వు.

హైమావతి చెయ్యి ఆగిపోయింది.

తను ఇస్తానన్న వంతు రాకముందే నాన్నకు పట్నం బదిలీ అయింది. అక్కడ ఆమెకు చెవిబడి అమర్చారు. ఆ తర్వాత ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు.

"తుడవండి, మూడున్నరైంది," అన్నాడు కోదండపాణి.

జల్లెడ ఉద్యోగులకూ విచారణకొక పలుకు వంతు ఉంది. అది జల్లెడలో పడదు, నేరుగా సభలో వినిపిస్తుంది. దానికి సారం ఉండదు గనక, సభ్యులు ఒక్కొక్కరూ సొంత నోటితో జవాబు చెప్పేదాకా ఓటు జరగదు. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని వాడుకోలేదు.

"నా వంతు వాడుకుంటానండీ."

"మీరా? ఏం మాట్లాడతారు?"

"నేను కాదు."

కోదండపాణి గొంతు తగ్గించి, "తాలుకు మీ వంతిస్తే రేపు ఆ కుర్చీ ఉండదు. తర్వాత నేను చెప్పలేదనకండి," అన్నాడు.

"చెప్పారు లెండి."

కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని ఆమె మీట నొక్కింది.

తెరమీద ఏడుగురు సభ్యులు తలలెత్తారు. ఓటు గడియారం ఆగిపోయింది. మస్తాన్ బీ నవ్వు చివరిదాకా వినిపించింది. సారం కనిపించాల్సిన పలకలు ఖాళీగా ఉన్నాయి. అధ్యక్షురాలు పక్కాయన వంక చూసింది. ఆయన కిందికి చూశాడు. చివరికి ఒక ముసలి సభ్యుడు గొంతు సవరించుకుని, "మా బళ్లో కూడా గంట..." అని మొదలుపెట్టి, మాటలు వెతుక్కుంటూ ఆగాడు. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు.

జల్లెడ హైమావతిని వంతుదారు పేరు ఖాయం చెయ్యమంది. అప్పటికే ఉన్న తన పేరును ఆమె కొట్టేసి, మస్తాన్ బీ అని రాసింది.

"ఇదిగోనే, ఇచ్చేశాను," అంది, ఖాళీ గదిలో.