నాలుగు వేళ్ల ఖాళీ

‘మానవ నాగరికత’ అన్న రెండు మాటలూ బ్రహ్మాండంగా వచ్చాయి. ఒక్కో అక్షరం జానెడు ఎత్తు, ముదురు నీలం, పక్కన ఎర్రటి నీడ. చిక్కల్లా మూడో మాటతో వచ్చింది. ‘మిగులుతుందా’ అని రాయడానికి గుడ్డ మీద చోటు లేదు. పెయింటర్ ఆ మాటని కుడివైపు మూలన, మందు సీసా మీద తేదీ అంత చిన్నగా ఇరికించేసి, చేతులు కడుక్కుని టీ తాగడానికి కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే, ఫోన్లో బ్యానరు ఆర్డరిచ్చిన మనిషి వచ్చింది. రేవు ఆఫీసులో రోజుకి రెండుసార్లు సముద్రమట్టం చూసి పుస్తకంలో రాయడం ఆమె ఉద్యోగం. ఊరికి వచ్చి రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ కనిపించినవాళ్లందరికీ సముద్రం పెరుగుతోంది, జాగ్రత్తపడండి అని చెబుతూనే ఉంది. దాంతో దిగువ వీధి జనం ఆమెకి ‘ప్రళయం గారు’ అని పేరు పెట్టేశారు. పెయింటర్ ఆ పేరు వినడమే గానీ మనిషిని దగ్గరగా చూడటం ఇదే మొదలు. ప్రళయం ఇంత సన్నగా, కళ్లజోడు మీద వాన చినుకులతో, సగం విరిగిన గొడుగు పట్టుకుని వస్తుందని అతను అనుకోలేదు.

ఆమె బ్యానరుని ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది.

“నాగరికత బాగానే కనిపిస్తోంది. మిగులుతుందో లేదో కనిపించడం లేదు.”

“దగ్గరికొస్తే కనిపిస్తుంది మేడమ్.”

“దగ్గరికొచ్చాక కనిపిస్తే ఏం లాభమండీ? సాయంత్రం నా లెక్చరంతా దాని గురించే.”

పెయింటర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. వేరే గుడ్డ రాయడానికి టైము లేదు కాబట్టి అదే తీసుకుంది. అయితే లైబ్రరీ హాల్లో దాన్ని కట్టే పని కూడా అతనే చేయాలంది. తప్పు తనది కాబట్టి అతను నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరాడు.

లెక్చరుకి ఏడుగురొచ్చారు. అందులో ఇద్దరు వానకి తలదాచుకోవడానికి వచ్చినవాళ్లు. ఎనిమిదోవాడు పెయింటర్, నిచ్చెన మీద. వాతావరణం మారితే నాగరికత ఒక్క రోజులో కూలిపోదని ఆమె చెప్పింది. ఒకచోట వరసగా పంటలు పోతాయి, అక్కడి జనం ఇంకోచోటికి కదులుతారు. ఒకచోట ఉప్పునీళ్లు బావిలోకి వస్తాయి, ఆ వీధి ఖాళీ అవుతుంది. అలా ఒక్కో ముడీ ఊడిపోతుంటే ఏ ముడి దగ్గర మొత్తం జారిపోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరంది.

పెయింటర్ ఉండబట్టలేకపోయాడు. “ఇంతకీ మిగులుతుందా, మిగలదా? ఒక్క మాటలో చెప్పండి మేడమ్.”

“ఒక్క మాట నా దగ్గర లేదు. కొలతలున్నాయి.”

“కొలతలు చెప్పి భయపెడతారు. ఇంటికెళ్లి ఏం చేయాలో మాత్రం చెప్పరు.”

ఆమె తల పైకెత్తి సూటిగా చూసింది. “ఏం చేయాలో చెబితే చేస్తారా?”

అతను బిగించిన తాడునే మళ్లీ బిగించాడు. ఆ కళ్లజోడు వెనక కళ్లు అంత పెద్దవని కింద నిలబడి చూసినప్పుడు తెలియలేదు మరి.

ఆ మర్నాటి నుంచి పెయింటర్‌కి రేవు వైపు పనులు ఎక్కువయ్యాయి. బ్రష్షులు ఎండబెట్టడానికి గాలి అక్కడే బాగుంటుందన్నాడు. మూడో రోజున ఫ్లాస్కులో టీ కూడా పట్టుకెళ్లాడు. ఆమె చెక్క వంతెన చివర వంగి, నీళ్లలో నిలబెట్టిన కొలబద్ద మీద అంకె చదివి రాసుకునేది. అతను గొడుగు పట్టేవాడు. గొడుగు మొత్తం పుస్తకం మీదికి జరిపి ఇద్దరూ చెరో పక్కన తడిసేవాళ్లు. బ్రష్షులు ఇంకా ఆరలేదా అని ఆమె అడిగేది. వానాకాలం కదా, ఆరడానికి మూడు నాలుగు నెలలు పడుతుందని అతను చెప్పేవాడు. మొదటిసారి ఆమె నవ్వింది ఆ మాటకే.

పెయింటర్‌ని పెంచింది వాళ్ల అమ్మమ్మ. దిగువ వీధి చివర, సముద్రపు గోడకి ఇరవై అడుగుల దూరంలో ఆవిడ కుట్టు దుకాణం. గుమ్మంలో మిషను, వెనక గదిలో కాపురం. ఆ గోడని జానెడు ఎత్తు పెంచమని ప్రళయం గారు రెండేళ్లుగా పురపాలక సంఘానికి కాగితాలు పెడుతూనే ఉంది.

ఒక బుధవారం సాయంత్రం ఆమె ముఖం వాడిపోయి ఉంది. ఛైర్మన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందట. మీ పుస్తకమే సముద్రం తగ్గిందంటోంది, ఇంక గోడ ఎందుకు, రేపు మీటింగులో ఆ ఫైలు మూసేస్తున్నాం అని రాశారట.

ఆమె పుస్తకం తెరిచి గీత చూపించింది. ఏళ్ల తరబడి గీత కొంచెం కొంచెంగా పైకే పాకింది. ఎనిమిది నెలల కింద ఒక్క రోజున నాలుగు వేళ్లు దిగిపోయింది. అక్కణ్నుంచి మళ్లీ పైకి పాకుతోంది.

“సముద్రం ఒక్క రోజులో నాలుగు వేళ్లు దిగదు. నేనే ఎక్కడో పొరపాటు చేశాను. ఎక్కడో దొరకడం లేదు. ఆదివారం అమావాస్య పోటు, పైగా గాలి. ఈ పుస్తకం ప్రకారం నీళ్లు గోడ అంచుకి మూడు వేళ్ల కింద ఆగిపోతాయి. కానీ నా పుస్తకాన్ని నేనే నమ్మలేకపోతున్నాను. రేపు మీటింగులో తప్పు ఒప్పుకుని ఉద్యోగం మానేస్తాను.”

పెయింటర్ ఆ తేదీ చూశాడు. అతనికి బాగా గుర్తుంది, అది అమ్మమ్మ కంటికి ఆపరేషన్ జరిగిన వారం. అప్పుడే రేవు స్టోర్ గుమాస్తా అంకెలు చెరిగిపోయిన కొలబద్దని విప్పించి తెచ్చి, కొత్తగా రాసిమ్మన్నాడు. చెక్కని నున్నగా గీకి, తెల్ల రంగు వేసి, ముచ్చటగా అంకెలు రాసిచ్చింది తనే. ఏ బోర్డుకైనా అడుగున నాలుగు వేళ్ల ఖాళీ వదలడం అతనికి అలవాటు. ఖాళీ లేకపోతే బోర్డు ముఖం కడుక్కోనట్టు ఉంటుందని అతని సిద్ధాంతం. సున్నాని చెక్క అడుగునుంచి కాకుండా నాలుగు వేళ్ల పైనుంచి మొదలుపెట్టాడు. కొత్త రంగు ఆమెకీ కనిపించే ఉంటుంది, సున్నా జరిగిందని మాత్రం తట్టి ఉండదు. సముద్రం తగ్గలేదు. సున్నా పైకి జరిగింది.

ఆ మాట అప్పుడే చెప్పాలి. కానీ పనుందని గొణిగి వచ్చేశాడు.

ఇంటి దగ్గర కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. అమ్మమ్మ మిషను ఆపి ఏమైందని అడిగింది. అతను అంతా చెప్పేశాడు. ఊళ్లో సగం దుకాణాల బోర్డులు తన చేతివే, కొలత తప్పేవాడని తెలిస్తే రేపు ఎవరు పనిస్తారన్నాడు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుందని, ఆ మనిషి ఇంక తన ముఖం చూడదని చెప్పలేక ఆగిపోయాడు. అమ్మమ్మకి అది చెప్పనక్కర్లేదు. వాడు ఫ్లాస్కు కొన్న రోజే ఆవిడకి సంగతి తెలుసు.

“చిన్నప్పుడు నా పక్కన కూర్చోబెట్టుకుని, గుడ్డకి అడుగున మడతకి నాలుగు వేళ్లు వదలాలిరా అని నేర్పింది నేనే. కాబట్టి ఆ తప్పులో సగం నాది. మిగతా సగం నువ్వెళ్లి చెప్పుకో.”

గురువారం పొద్దున పెయింటర్ రేవుకి పరిగెత్తేసరికి ఆమె లేదు. మీటింగుకి వెళ్లిపోయిందన్నారు. అతను ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత నడుము లోతు నీళ్లలోకి దిగి, కొలబద్ద మరలు విప్పడం మొదలుపెట్టాడు.

మీటింగు హాల్లో ఆమె తప్పు నాదే అని చెబుతుండగా తలుపు తెరుచుకుంది. నీళ్లోడుతూ, నాచు పట్టిన ఆరడుగుల చెక్కని భుజాన మోసుకుంటూ పెయింటర్ లోపలికొచ్చాడు. గవర్నమెంటు కొలబద్దని పీక్కురావడం నేరమని తెలుసా అని ఛైర్మన్ గద్దించాడు. పెయింటర్ దాన్ని బల్ల మీద పడుకోబెట్టాడు. సున్నాకి దిగువన తన నాలుగు వేళ్లు ఆనించాడు. చెక్క అంచుకీ సున్నాకీ మధ్య వేళ్లు అచ్చు గుద్దినట్టు సరిపోయాయి.

“ఈ ఖాళీ వదిలింది నేనండీ. అందానికి వదిలాను. మేడమ్ ఒక్క రోజు కూడా తప్పు చదవలేదు. తప్పు రాసింది నేను.”

ఆమె అతని వేళ్లకేసి చూసింది. ఎనిమిది నెలలు తనని తానే అనుమానించుకుంది ఈ నాలుగు వేళ్ల కోసమా అనిపించి ఒళ్లు మండింది. ఆ మంట పైకి రాకముందే లెక్క తట్టింది.

“మూడు వేళ్ల కింద కాదు. ఆదివారం నీళ్లు గోడకి ఒక వేలు పైన వస్తాయి.”

ఛైర్మన్ కుర్చీలో ముందుకి జరిగాడు. ఒక్క వేలు పైన అంటే వీధి పొడుగునా మోకాలి లోతు నీళ్లని ఆయనకీ తెలుసు. ఉన్నది మూడు రోజులు, రాళ్లు పేర్చే వ్యవధి లేదు. ఇప్పుడేం చేయాలమ్మా అని అడిగాడు.

“చెబితే చేస్తారా?” అంది ఆమె.

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. ఛైర్మనే చొక్కా చేతులు మడిచాడు.

ఆ మూడు రోజులూ దిగువ వీధిలో అమ్మమ్మ కుట్టు మిషను ఆగలేదు. సంచులు చాలక పాత కర్టెన్లు, దుప్పట్లు తెచ్చిచ్చారు. పెయింటర్ లైబ్రరీ హాల్లో కట్టిన బ్యానరు విప్పి, తన దుకాణంలోని పాత బ్యానర్లన్నీ కలిపి మోసుకొచ్చాడు. అమ్మమ్మ వాటిని సంచుల కొలతకి కత్తిరించి కుట్టేసింది. పాల దుకాణం ఆయన, బడిపంతులమ్మ, ఆమె లెక్చరుకి రానివాళ్లంతా వరసలో నిలబడి ఇసుక బస్తాలు చేతులు మార్చుకున్నారు. ప్రళయం గారు గోడ మీద నడుస్తూ ఎక్కడ ఎన్ని పేర్చాలో చెప్పింది. పెయింటర్‌తో మాత్రం పని మాటలు తప్ప మాట్లాడలేదు. అతను అడగలేదు. బస్తాలు మోస్తూనే ఉన్నాడు.

ఆదివారం పగలు పదకొండింటికి పోటు వచ్చింది. నీళ్లు మెట్టు మెట్టూ ఎక్కి గోడ అంచు తాకాయి. అంచు దాటాయి. బస్తాలని ఒరుసుకుని, అక్కడే ఊగుతూ నిలబడ్డాయి. ఆమె వంగి, గోడ రాతికీ నీటి అంచుకీ మధ్య తన చూపుడు వేలు అడ్డంగా పెట్టింది. సరిగ్గా ఒక వేలు.

అరగంట గడిచింది. నీళ్లు వెనక్కి తగ్గాయి. వీధిలో ఒక్క గుమ్మమూ తడవలేదు. ముందు పాల దుకాణం ఆయన చప్పట్లు కొట్టాడు, తర్వాత వీధి వీధంతా కొట్టింది. గోడని రాతితోనే పెంచుతామని, రేపే పని మొదలవుతుందని ఛైర్మన్ అక్కడే నిలబడి మాటిచ్చాడు. మరి నాగరికత మిగిలినట్టేనా ప్రళయం గారూ అని ఎవరో అడిగారు.

ఆమె పక్కనున్న బస్తా మీద చేయి వేసింది. దాని మీద నీలం రంగులో, ఎర్రటి నీడతో, ‘నాగరిక’ అన్నంత వరకు ఉంది. అమ్మమ్మ కత్తెర మిగతా అక్షరాన్ని పక్క బస్తాకిచ్చింది. సముద్రం వైపు తడిసి ముద్దయినా, వీధి వైపు పొడిగా ఉంది.

“ముప్పు నిజమే. అది పోలేదు, ఇంకా పెరుగుతుంది కూడా,” అంది. “కానీ కొలత సరిగ్గా తెలిసి, అందరూ ఒక వరసలో నిలబడితే ఏమవుతుందో ఇవాళ చూశాను. నా లెక్చరులో ఇన్నాళ్లూ ఈ ముక్క లేదు.”

జనం పల్చబడ్డాక ఆమె పెయింటర్ వైపు తిరిగింది. పుస్తకంలో ఎనిమిది నెలల అంకెలన్నీ దిద్దాలని, నాలుగువందల ఎనభై దాకా ఉన్నాయని, ఆఫీసు రూలు ప్రకారం దిద్దిన ప్రతి అంకె పక్కనా తప్పు చేసినవాడు సంతకం పెట్టాలని చెప్పింది. రోజుకి పది చొప్పున దిద్దుదామంది.

“ఒక్క పూటలో అయిపోతుంది కదండీ, మొత్తం,” అన్నాడు అతను అయోమయంగా.

“అవుతుంది. ఎందుకు అవ్వాలి?”

పెయింటర్‌కి అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక గోడ దిగడం మర్చిపోయాడు.

నలభై ఎనిమిది సాయంత్రాలు అమ్మమ్మ దుకాణం అరుగు మీద సంతకాలు జరిగాయి. ఆఖరి అంకె దగ్గర అతను కలం పట్టుకుని ఎంతకీ రాయలేదు.

“ఇది పెట్టేస్తే రేపట్నుంచి మీరు రారు,” అన్నాడు. “నాకు మీరు రోజూ కావాలి. ఇంకో తప్పు చేయమంటే చేస్తాను.”

“వద్దు బాబూ, ఒక్కటి చాలు. మీరు రోజూ కావాలని నాకు ఫ్లాస్కు రోజు నుంచే ఉంది. కొలబద్ద భుజాన వేసుకుని వచ్చిన రోజున కోపంతో పాటు అది కూడా ఖాయమైంది.”

అతను సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి. అతని జీవితంలో అంత అందవికారమైన రాత అదొక్కటే.

గుమ్మంలో మిషను ఆగింది. అమ్మమ్మ మెడలోని టేపు తీసి, అమ్మాయిని లేచి నిలబడమని, భుజం నుంచి భుజానికి కొలత పట్టింది. ఎందుకండీ అని ఆమె అడిగితే, పెళ్లి బట్టలకి అంది ఆవిడ, టేపు మీద నుంచి చూపు తిప్పకుండా.

“ఇంకా మా ఇంట్లోనే చెప్పలేదండీ, అప్పుడే కొలతలా?”

“దగ్గరికొచ్చాక చూసుకుంటే ఏం లాభమని నువ్వే అన్నావట కదమ్మా.” అమ్మమ్మ నవ్వి మనవడి వైపు తిరిగింది. “రాసుకోరా. అడుగున నాలుగు వేళ్లు వదులు. ఇక్కడ మాత్రం వదలాలి.”