గుంజకి కట్టిన పడవ

మా ఊళ్ళో పట్టు మిల్లు మూతపడ్డాక దాని పై అంతస్తులో వయసు మళ్ళినవాళ్ళకి బడి పెట్టారు. ఒకప్పుడు వేడినీళ్ళ తొట్ల ముందు నిలబడి పట్టుగూళ్ళ నుంచి మేం దారం తీసిన చోటే ఇప్పుడు బల్లలు వేసి, వాటి మీద దళసరి ఉన్నిగుడ్డ పరిచి, కుంచెతో బొమ్మలు వెయ్యడం నేర్పుతున్నారు. కిటికీలోంచి కాలువ కనిపిస్తుంది. వేడికి ఉడికిన పట్టుగూళ్ళ వాసన ఆ గోడల్ని ఇంకా వదల్లేదు.

నేను అక్కడ చేరింది సరదాకి కాదు. సరదాకి ఏ పనీ చెయ్యడం నాకు చేతకాదు. మా ఆయన రువాన్ షుయిగెన్ కాలువ మీద సరుకు పడవ నడిపి బతికినవాడు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట ముద్దయింది. మేముండే గది మేడకి వెనకవైపు ఉంటుంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. "నీళ్ళు కనపడటం లేదు, యాజెన్," అని పొద్దస్తమానం ఒకటే గొణుగుడు. ఆ మనిషిని మంచంతో సహా కాలువ దాకా మోసుకుపోయే బలం నాకు లేదు. అందుకని నీళ్ళనే గదిలోకి తెద్దామనుకున్నాను.

ఫెయ్ మాస్టారు నాకంటే చిన్నవాడు. అయినా గురువు గురువే. లేచి నిలబడే మాట్లాడేదాన్ని.

"వదులుగా పట్టుకోండి. అరచేతిలో కోడిగుడ్డు ఉందనుకోండి," అనేవాడు.

"నిజంగా గుడ్డుంటే ఇంటికి పట్టుకుపోయి ఉడకేసుకునేదాన్ని," అనేది పక్క బల్ల దగ్గర కూర్చునే టాన్ చెల్లెలు. బియ్యప్పిండి రొట్టెలు అమ్మే మనిషి, నాకంటే చిన్నదని చెల్లెలంటాను, నోరు ఊరుకోదు. "మా యాజెన్ అక్కని చూడండి మాస్టారూ. పట్టుకున్నది కుంచెనా, కోడి మెడనా?"

నవ్వినవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. నేర్చుకునేచోట నవ్వులేమిటి?

మాస్టారు చెప్పిన నియమాలు ఎక్కువేం కాదు. సిరా కడ్డీని రాతి మీద అరగదీసేటప్పుడు రోగిష్టి మనిషిలా, ఓపిక లేనట్టు, నెమ్మదిగా తిప్పాలి. నీళ్ళని గియ్యకూడదు. కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలి, ఆ వదిలేసిన చోటే నీళ్ళు. పడవ వేస్తే అందులో తెడ్డు పట్టుకున్న మనిషైనా ఉండాలి, లేదా పడవ గుంజకి కట్టైనా ఉండాలి. మనిషీ లేని, తాడూ లేని పడవని గోడకి తగిలించకూడదు.

"తగిలిస్తే ఏమవుతుంది?" అంది టాన్ చెల్లెలు.

"ఖాళీ పడవ ఊరికే ఉంటుందా? ఎవరో ఒకళ్ళు ఎక్కేదాకా తిరుగుతుందని మా గురువుగారు అనేవారు."

అన్నిటికంటే నాకు కష్టమైన నియమం ఇంకొకటి. ఒకసారి గీసిన గీత మీదకి మళ్ళీ కుంచె పోకూడదు. "ఈ కాగితం నీళ్ళు తాగే కాగితం. మొదటిసారి తాగుతుంది, రెండోసారి చిరుగుతుంది. గీత తెగితే తెగనివ్వండి. చూసేవాళ్ళ కన్ను దాన్ని కలుపుకుంటుంది," అన్నాడు.

తెగినదాన్ని తెగినట్టు వదిలెయ్యమని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు. మిల్లులో దారం తెగితే, మరుగుతున్న నీళ్ళలో వేళ్ళు ముంచి, కొస దొరకపుచ్చుకుని, ముడి కనపడకుండా కలిపేవాళ్ళం. కలపకుండా వదిలేసిన పిల్లకి మేస్త్రీ చేతి దెబ్బ పడేది. నా చేతికి అబ్బిన ధర్మం అదొక్కటే.

చలికాలమంతా రెల్లు ఆకులు గీశాను. ఆ తరవాత గుంజ. ఆ తరవాత పడవ. మనుషుల్ని గియ్యడం నాకు రాదు, అందుకని పడవని ఖాళీగానే ఉంచి, గుంజకి తాడు కట్టాను. మిగిలిన కాగితమంతా తెలుపు. దాన్ని మా ఆయన మంచానికి ఎదురుగా గోడకి తగిలించాను.

ఆయన చాలాసేపు చూశాడు. ఎడమకంట్లో నీరు నిలిచింది.

"పడవ మనదే," అన్నాడు ముద్దగా. తాడు చూసి, "కట్టేశావేం?" అన్నాడు.

"కట్టకపోతే పోతుంది."

"పోనీ. పోవడానికేగా పడవ."

"నువ్వు లేచి కూర్చుని తెడ్డు పట్టు ముసలాడా, అప్పుడు విప్పుతాను."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆ దగ్గు అడుగున నీళ్ళ చప్పుడు ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, వానలు దాటితే గండం గడిచినట్టేనని డాక్టరు చెప్పాడు. వానలు దాటించాలి. అప్పట్నుంచి నాకున్న పని అదొక్కటే.

నేను బొమ్మలు వేసేటప్పుడు సిరా అరగదీసే పని ఆయనే అడిగి తీసుకున్నాడు. "రోగిష్టివాడిలా తిప్పాలన్నావుగా. నాకంటే రోగిష్టి ఈ వీధిలో ఎవడున్నాడు?" అన్నాడు. దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, ఒళ్ళో పలక పెట్టి, దాని మీద రాయి పెడితే, ఎడమచేత్తో గుండ్రంగా, నెమ్మదిగా తిప్పేవాడు. ఆయన తీసిన సిరా నల్లగా, నూనెలా ఉండేది. అలాంటప్పుడే పాత కబుర్లు చెప్పేవాడు. మా పెళ్ళికి ముందు మిల్లు మెట్ల దగ్గరికి పడవ తెచ్చి, తాడు కొస నా చేతికి విసిరేవాడు. మిల్లు మోతలో మాటలు వినపడేవి కావు. అందుకని తాడుతోనే మాట్లాడుకునేవాళ్ళం. అటునుంచి ఒకసారి లాగితే 'పట్టుకుని ఉండు' అని. రెండుసార్లు లాగితే 'వదిలేసి ఎక్కు' అని.

ప్లమ్ పళ్ళు పండే వేళకి మా వైపు ముసురు పడుతుంది. ఆ ఏడు పట్టిన ముసురు వదల్లేదు. గోడలు చెమర్చాయి. చెప్పుల మీద బూజు లేచింది. బియ్యం డబ్బాలో ముక్కిన వాసన. ఆయన ఒక చెంచా గంజి తాగితే రెండు చెంచాలు పక్కకి కారేవి.

బొమ్మలో తాడు మధ్యలో పలచబడటం అప్పుడే చూశాను.

తేమకి సిరా కరిగిందనుకున్నాను. కానీ రెల్లు కరగలేదు. గుంజ కరగలేదు. తాడొక్కటే, రోజురోజుకీ, పాతదారం పీచుపీచుగా విడిపోయినట్టు విడిపోతోంది.

"విప్పెయ్యి, యాజెన్," అనేవాడు ఆయన.

"నోరు మూసుకుని పడుకో."

"మనిషిని కట్టేసినా ఫరవాలేదు. పడవని కట్టకూడదే."

ఆ రోజు మధ్యాహ్నమే చీకటి కమ్మింది. దీపం వేశాను. వాన పక్కింటి గోడని కొడుతోంది. బొమ్మ వైపు చూశాను. తాడు తెగి ఉంది. గుంజ దగ్గర ఒక కొస, పడవ దగ్గర ఒక కొస, మధ్యలో తెలుపు. పడవ ముక్కు కొద్దిగా ఇవతలికి, మంచం వైపు తిరిగింది.

నేను బొమ్మ దించి, బల్ల మీద ఉన్నిగుడ్డ పరిచి, దాని మీద పెట్టాను.

"సిరా తియ్యి," అన్నాను.

ఆయన రాయి మీద కడ్డీ తిప్పడం మొదలుపెట్టాడు. గర్... గర్... కాసేపటికి ఆపేశాడు. "వద్దు," అన్నాడు. "కలపకు."

నేను వినలేదు. తెగినది కళ్ళెదుట ఉంటే నా చెయ్యి ఆగదు. కుంచె ముంచి, గుంజ దగ్గర పాత గీత మీదే పెట్టి, పడవ వైపు లాగాను. కాగితం తాగలేదు. పైన నూగు లేచింది. ఇంకోసారి లాగాను. కుంచె మొన కిందికి దిగిపోయింది. కాగితం చిరిగింది.

కింద ఉన్నిగుడ్డ తగలాలి. తగల్లేదు. కుంచె ఇంకా దిగింది. వేళ్ళకి చల్లగా తగిలింది.

ఆ చిరుగులోంచి నీళ్ళు ఊరాయి. ఒక బొట్టు. తరవాత ఇంకొకటి. పంపు నీళ్ళ వాసన కాదు. కాలువ అడుగు బురద వాసన, కుళ్ళిన నాచు వాసన... గదంతా నిండిపోయింది. దీపం ఆరిపోయింది.

చీకట్లో వాన చప్పుడు ఆగినట్టు అనిపించింది. దాని బదులు ఇంకో చప్పుడు. కిర్రు... కిర్రు... పడవ వెనక తెడ్డు వేస్తే వచ్చే చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. వయసులో ఉన్నప్పుడు దాని కోసమే మెట్ల మీద చెవి ఒగ్గి నిలబడేదాన్ని.

"కంగారు పడకు," అన్నాడు మా ఆయన. మాట ముద్దగా లేదు. పక్షవాతానికి ముందున్న గొంతు.

నేను తడుముకుంటూ అలమరలోంచి పట్టుదారం చిలప, చిన్న చుట్ట, తీశాను. నేను మిల్లులో చివరి రోజు తీసిన దారం అది. ఒక కొస ఆయన ఎడమ మణికట్టుకి కట్టాను. ఇంకో కొస నా మణికట్టుకి. మిల్లు ముడి వేశాను. ఆ ముడి కత్తెరకి తప్ప దేనికీ ఊడదు.

"ఇప్పుడు పో చూద్దాం," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"పిచ్చిదానా," అన్నాడు మెల్లగా.

కిర్రు... కిర్రు... చప్పుడు మంచం పక్కకి వచ్చి ఆగింది. మంచం ఒకసారి ఊగింది, పడవలో మనిషి కాలు పెడితే ఊగినట్టు. నేను దారం రెండు చేతులతో పట్టుకున్నాను. అది కదిలింది. నెమ్మదిగా నా వేళ్ళ మధ్య నుంచి జారుతూ పోయింది... పోయింది... అంత దారం ఆ చిలపలో లేదు. తడిగా, చల్లగా జారుతూనే ఉంది.

తరవాత ఆగింది. అటునుంచి ఒక్కసారి లాగారు.

పట్టుకుని ఉండు.

నేను పట్టుకుని ఉన్నాను. తెల్లవారేదాకా అలాగే కూర్చున్నాను.

వెలుగు వచ్చాక చూస్తే ఆయన పోయాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. దుప్పటి పొడిగా ఉంది. పాదాలు మాత్రం తడిగా ఉన్నాయి, వేళ్ళ సందుల్లో పచ్చటి నాచు. ఆయన చేతికి కట్టిన దారం దుప్పటి మీద పడి ఉంది. ముడి విప్పలేదు, తెంపలేదు. వలయం అలాగే ఉంది, చెయ్యి మాత్రం దాని బయట ఉంది. నా మణికట్టు మీద ముడి నేను వేసింది కాదు. నాకు వెయ్యడం రాని ముడి. పడవవాళ్ళు గుంజకి వేసే ముడి.

బల్ల మీద కాగితానికి చిరుగు లేదు. రెల్లు ఉంది, గుంజ ఉంది. పడవ లేదు. తాడు మాత్రం పూర్తిగా ఉంది. గుంజ నుంచి బయలుదేరి, తెలుపు మీదుగా కాగితం అంచు దాకా, బిగుసుకుని ఉంది.

చావు తరవాత పాటించే నలభై తొమ్మిది రోజులు దాటాక బొమ్మని ఫెయ్ మాస్టారికి చూపించాను. ఆయన కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూశాడు.

"రెల్లు మీరు వేశారు, గుంజ మీరు వేశారు. ఈ తాడు మీరు వేసింది కాదు," అన్నాడు.

"మరెవరు?"

"నాకెలా తెలుస్తుంది? కుంచె ఒత్తిడి ఎటుపడిందో తెలుస్తోంది, అంతే. ఇది ఎడమచేత్తో గీసింది." బొమ్మ చుట్టి నా చేతిలో పెట్టాడు. "అక్కా, దీన్ని ఇక్కడ ఉంచకండి."

బడి మానెయ్యలేదు. మొదలుపెట్టిన పని సగంలో మానడం నా వల్ల కాదు. మణికట్టు మీద దారాన్నీ కత్తిరించలేదు. మిగతా కాలాల్లో అది ఉత్త దారమే. ముసురు పట్టిందంటే తడుస్తుంది. ఎప్పుడైనా, అన్నం వండుతున్నప్పుడో దీపం ఆర్పుతున్నప్పుడో, ఒక్కసారి బిగుసుకుంటుంది. సరే అనుకుంటాను. పట్టుకుని ఉండమన్నాడు, పట్టుకుని ఉన్నాను. మాట ఇచ్చాక నిలబడాలి. ఆ ఒక్కసారి లాగుడు కోసమే ఈ నాలుగేళ్ళూ పొద్దున్నే లేచి, గది ఊడ్చి, జుట్టు దువ్వుకుంటున్నాను.

నిన్న సాయంత్రం బళ్ళో ఉన్నాను. బయట వాన. ఎప్పటిలాగే పడవ వేసి, గుంజ దగ్గర నుంచి తాడు గీస్తున్నాను. మణికట్టు బిగుసుకుంది.

కాసేపు ఆగాను.

ఇంకోసారి బిగుసుకుంది. రెండుసార్లు.

చెయ్యి కదిలి గీత మధ్యలో తెగింది.

"యాజెన్ అక్కా," అంది టాన్ చెల్లెలు, వంగి నేల వైపు చూస్తూ. "చెప్పులు లేకుండా వచ్చావా? ఏంటీ అడుగులు?"

చూశాను. మెట్ల దగ్గర నుంచి నా బల్ల దాకా తడి అడుగులు. ఉత్త పాదాలవి, పెద్దవి. కుడికాలూ ఎడమకాలూ సమంగా పడ్డాయి. వచ్చిన అడుగులే ఉన్నాయి. తిరిగి వెళ్ళినవి లేవు.

"నేల తుడవాలి, గుడ్డ తెస్తానుండు," అని టాన్ చెల్లెలు లేచింది.

కుంచెని నల్లనీళ్ళు తేటపడేదాకా కడిగాను. మొన సరిచేసి, కిందికి ఉండేలా కొయ్యకి వేలాడదీశాను. రాయి తుడిచాను.

తెగిన గీతని కలపలేదు.