మిర్చి మిల్లులో ఉపగ్రహం టేపు

గుంటూరు బ్రాడీపేటలో ఒక లాడ్జి గదిలో శాస్త్రవేత్త సంజీవరావు శవమై పడి ఉన్నాడు. హైదరాబాదు నుంచి అతను వెంట తెచ్చిన మాగ్నెటిక్ టేపు కనిపించలేదు.

"ఆ టేపులో ఏముంది సార్?" ఫోన్లో అడిగాడు ఏజెంట్ అంకమ్మరావు.

"నిరుడు మనం పైకి పంపిన ఉపగ్రహం తీసిన చిత్రాలు," అన్నాడు చీఫ్. "అద్దంకి అవతల గుట్టల్లో వెనేడియం ఉండొచ్చని వాటివల్లే తెలిసింది. ఉక్కుని గట్టిపరిచే లోహం. ఇన్నాళ్లూ విదేశీ కంపెనీల దగ్గర కొంటున్నాం."

"ఒరిజినల్ మన దగ్గరుందిగా?"

"ఉంది. కానీ ఆ చోటు ఆ కంపెనీల వాళ్లకి తెలిస్తే మనకంటే ముందే బినామీ పేర్లతో లీజులు రాయించుకుంటారు. తవ్వరు, తవ్వనివ్వరు. మనం ఎప్పటికీ వాళ్ల దగ్గరే కొంటూ ఉండాలి. వాళ్ల మనిషి హోల్గర్ మీద కన్నెయ్. వాడి ఆఫీసులో మన మనిషి ఒకరున్నారు. కోడ్ వర్డ్, తాలుకాయ."

హోల్గర్ గుంటూరులో మిర్చి ఎగుమతిదారు. బోర్డు మీద మాత్రం అలాగే ఉంది. నరసరావుపేట రోడ్డులో అతనికో కారం మిల్లు ఉంది.

మర్నాడు మధ్యాహ్నం కూలీలు అన్నాలకి లేచిన వేళ, తలకి తువ్వాలు చుట్టుకున్న కమీషన్ వ్యాపారి ఒకడు మిల్లులోకి నడిచాడు. గ్రైండింగ్ గదిలో ఒక బస్తా దగ్గర అతని జేబులోని పెన్ను కీచుమంది. అది మెటల్ డిటెక్టర్. అంకమ్మరావు ఆ బస్తా విప్పి మిరపకాయల్లో చెయ్యి పెట్టాడు. రేకు డబ్బా. అందులో టేపు.

వెనక అలికిడి. ఎవరో ఒక స్త్రీని లోపలికి తోసి ఇనుప తలుపు మూసేశారు. షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. హోల్గర్ సెక్రటరీ జయకుమారి.

"తాలుకాయ," అందామె, లేచి నిలబడుతూ.

"ఆ మాట సంజీవరావుకీ తెలిసుంటుంది. చంపేముందు చెప్పించి ఉంటారు."

బయట స్విచ్ పడింది. మిల్లు తిరగడం మొదలైంది. దుమ్ము తీసే ఫ్యాన్ మాత్రం తిరగలేదు. ఎర్రటి పొడి గదంతా కమ్ముకుంది. కళ్లు మండాయి. ఊపిరి తీస్తే గొంతులో నిప్పు పోసినట్టుంది.

"మిస్టర్ రావ్," తలుపు అవతల హోల్గర్ తెలుగు స్పష్టంగానే వినిపించింది. "టేపు తలుపు కింది సందులోంచి తొయ్యండి. తలుపు తీస్తాను. పాడు చేస్తే మాత్రం ఇద్దరూ అక్కడే ఉంటారు."

అంకమ్మరావు తలుపుని భుజంతో గుద్దాడు. కదల్లేదు. కిటికీ లేదు. రివాల్వర్ గుండుకి లొంగే తలుపు కాదది. తువ్వాలు సగానికి చింపి ఒక ముక్క ఆమెకిచ్చాడు. ఆమెను నమ్మి మాత్రం కాదు.

"నమ్మకపోతే మానెయ్యండి," అంది ఆమె దగ్గుల మధ్య. "నేనూ ఇక్కడే చస్తున్నాగా. పైన చూడండి. కాయల్లో కలిసిన మేకుల్ని లాగే అయస్కాంతం. దాన్ని టేపుకి రాస్తే చెరిగిపోతుంది. చూడ్డానికి తేడా తెలీదు."

అంకమ్మరావు ఆమె వైపు తిరిగాడు. శత్రువైతే చెరిపేయమని అనదు. ఇంత మండుతున్నా అతనికి ఒక్క క్షణం నవ్వొచ్చింది.

అతను బస్తాల మీదకెక్కి అయస్కాంతం ఊడదీశాడు. ఆమె టేపుని నేలమీద పెట్టి పట్టుకుంది. ఇద్దరూ దాదాపు కళ్లు మూసుకునే, రెండు వైపులా గట్టిగా రాశారు. తర్వాత ఆమె టేపుని తలుపు కిందకి తోసింది.

చెప్పుల చప్పుడు దూరమైంది. కారు స్టార్టయింది. తలుపు తెరుచుకోలేదు.

"ముందే అనుకున్నా," అంటూ జయకుమారి గోడకి జారగిలబడిపోయింది.

అంకమ్మరావుకి చూపు ఆనడం లేదు. తడుముకుంటూ వెళ్లి, బరువైన ఆ అయస్కాంతాన్ని తిరుగుతున్న మిల్లు నోట్లో పడేశాడు. గది అదిరిపోయింది. లోపల కాయల్ని నూరే సుత్తులు విరిగాయి. మోటారు మూలిగి ఆగింది.

ఆ చప్పుడికి కూలీ ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్లలో ఎలీసమ్మ అనే ఆమె గడియ తీసింది.

"అయ్యో, మిల్లు తిరుగుతుంటే లోపలికెందుకెళ్లారయ్యా?" అంటూ ఇద్దరి మొహాల మీదా మజ్జిగ పోసింది.

హోల్గర్ మద్రాసులో హత్యానేరం మీద దొరికాడు. టేపు మాత్రం అప్పటికే దేశం దాటేసింది.

"అయితే పోగొట్టావన్నమాట," అన్నాడు చీఫ్ ఫోన్లో.

"ఖాళీ టేపేగా సార్," అన్నాడు అంకమ్మరావు వాచిన కళ్లు తుడుచుకుంటూ. "గుట్టలు ఇక్కడే ఉన్నాయి."